అందుబాటు – సర్దుబాటు: సమానత్వ చట్టభాష, నిర్మిత పరిసరాలపై ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

వైకల్యం ఉన్నవారికి భవనాలు, రహదారులు, ప్రజాస్థలాలు అందుబాటులో ఉండాలన్న సూత్రం భారతదేశంలో దశలవారీగా చట్టరూపం దాల్చింది. 1995 నాటి చట్టం దానిని ప్రభుత్వాల ఆర్థికస్తోమతకు లోబడిన ఏర్పాటుగా చెప్పింది. 2016 నాటి చట్టం దానిని తప్పనిసరి బాధ్యతగా మార్చింది. 2017 నాటి నియమాలు ఆ బాధ్యతను మార్గదర్శకాల చేతికి అప్పగించాయి. రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న ఇచ్చిన తీర్పు ఆ నియమం మూలచట్టానికి విరుద్ధమని తేల్చింది. ఈ పాఠాల భాషను పరిశీలించి, ‘అందుబాటు’, ‘సర్దుబాటు’ అనే రెండు భావనల మధ్య చట్టం చూపిన తేడా ఎవరిమీద భారం మోపుతున్నదో నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: వైకల్యం, సమానత్వం, అందుబాటు, సహేతుక సర్దుబాటు, సార్వత్రిక రూపకల్పన, నిర్మిత పరిసరాలు, చట్టభాష.

1. ఉపోద్ఘాతం:

భారత రాజ్యాంగంలో సమానత్వం గురించి చెప్పే అధికరణాలలో 15(2)కు ఒక ప్రత్యేకత ఉంది. మిగిలినవి పౌరుడికీ రాజ్యానికీ మధ్య ఉన్న సంబంధాన్ని అమూర్తంగా చెబితే, ఇది స్థలాల పేర్లు చెబుతుంది. దుకాణాలు, భోజనశాలలు, హోటళ్ళు, వినోదస్థలాలు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రహదారులు ఇందులో ప్రస్తావనకు వస్తాయి. సమానత్వం కాగితం మీద కాక కాలు మోపే చోట పరీక్షకు నిలుస్తుందని రాజ్యాంగ నిర్మాతలు గ్రహించారనడానికి ఈ జాబితాయే సాక్ష్యం. మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం అనే కారణాలతో ఆ స్థలాలలోకి ప్రవేశాన్ని నిరాకరించరాదని ఈ అధికరణం శాసిస్తుంది. ఆ కారణాల వరుసలో వైకల్యం లేదు.

ప్రవేశనిరాకరణను తెలుగు సాహిత్యం బలంగా పట్టుకుంది. గుర్రం జాషువా ‘గబ్బిలం’(1941)లో అస్పృశ్యుడైన నాయకుడు తన గోడును కాశీ విశ్వనాథునికి విన్నవించడానికి గబ్బిలాన్ని దూతగా ఎంచుకుంటాడు. మనిషికి లేని ఆలయప్రవేశం ఆ జీవికి ఉండడమే ఆ ఎంపికలోని విమర్శ. దళిత సాహిత్య విమర్శ ఈ అంశాన్ని విస్తృతంగా చర్చించింది. గుడి, బావి, హోటలు, వీధి అనేవి తటస్థమైన కట్టడాలు కావనీ, అవి సామాజిక సంబంధాలకు రూపాలనీ ఆ చర్చ నేర్పింది.

వైకల్యం విషయంలో ఆ పాఠాన్ని యథాతథంగా అన్వయించడం కుదరదు. కులం పేరుతో జరిగే నిరాకరణలో నిషేధించే మనిషి ఒకడు ఉంటాడు. నిషేధాన్ని తొలగిస్తే ద్వారం తెరుచుకుంటుంది. చక్రాల కుర్చీలో వచ్చిన వ్యక్తిని కార్యాలయం గుమ్మంలో ఎవరూ అడ్డుకోరు. నాలుగు మెట్లు అడ్డుకుంటాయి. ఆ మెట్లకు ద్వేషం లేదు, ఉద్దేశం లేదు. అందువల్లనే వాటిని వివక్షగా గుర్తించడానికి చట్టానికి చాలా కాలం పట్టింది. ఉద్దేశం లేని అసమానతను చట్టం ఏ భాషలో పట్టుకోగలదు అన్నది ఈ వ్యాసానికి మూలప్రశ్న.

2. స్తోమత నుంచి హక్కు వరకు:

రాజ్యాంగం ‘వైకల్యం’ అన్న భావనను కొన్నిచోట్ల ప్రస్తావించిన తీరు గమనార్హం. ఆదేశిక సూత్రాలలోని 41వ అధికరణం నిరుద్యోగం, వృద్ధాప్యం, అనారోగ్యం, వైకల్యం సంభవించినప్పుడు ప్రభుత్వ సహాయం పొందే హక్కుకు ఏర్పాటు చేయాలంటుంది. ఆ ఏర్పాటు రాజ్యపు ఆర్థికస్తోమత, అభివృద్ధి పరిధికి లోబడి ఉంటుంది. ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 9వ అంశం వికలాంగులకు, పనిచేయలేనివారికి ఇచ్చే ఊరటను గురించి చెబుతుంది. ఈ రెండుచోట్లా వికలాంగుడు సహాయం స్వీకరించేవాడుగా కనిపిస్తాడు తప్ప, వీధిలో నడిచే, కార్యాలయానికి వచ్చే, ఓటు వేసే పౌరుడుగా కనిపించడు.

1995లో పార్లమెంటు చేసిన వికలాంగుల చట్టం నిర్మిత పరిసరాలను తొలిసారి నేరుగా ప్రస్తావించింది. దాని 46వ సెక్షన్ ప్రజాభవనాలలో ర్యాంపులు, చక్రాల కుర్చీ వాడేవారికి అనువైన మరుగుదొడ్లు, లిఫ్టులలో బ్రెయిలీ గుర్తులు, శబ్దసంకేతాలు, ఆసుపత్రులలో ర్యాంపులు ఏర్పాటు చేయాలని చెప్పింది. అయితే 41వ అధికరణంలోని ‘ఆర్థికస్తోమత, అభివృద్ధి పరిధి’ అన్న షరతు ఈ సెక్షన్‌లోకి కూడా ప్రవేశించింది. ఆదేశిక సూత్రాలు న్యాయస్థానాల ద్వారా అమలు చేయించుకోదగినవి కావు కనుక అక్కడ ఆ షరతుకు ఒక అర్థం ఉంది. చట్టంలోని సెక్షన్‌కు అదే షరతు తగిలించినప్పుడు బాధ్యత వాయిదా వేయదగినదిగా మారుతుంది. ‘డబ్బున్నప్పుడు చూద్దాం’ అన్న జవాబుకు చట్టమే చోటిచ్చింది.

ఐక్యరాజ్యసమితి 2006 డిసెంబరులో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007 అక్టోబరులో ధ్రువీకరించింది. దాని 9వ అధికరణం అందుబాటును ఒక స్వతంత్ర బాధ్యతగా నిలబెట్టింది. దానికి అనుగుణంగా వచ్చినదే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం. వైకల్యాల సంఖ్య ఏడు నుంచి 21కి పెరగడం ఈ చట్టంలో ఎక్కువమంది గమనించిన మార్పు. అంతకన్నా మౌలికమైన మార్పు నిర్వచనంలో ఉంది. శరీరంలోని లోపం, పరిసరాలలోని అవరోధం, ఈ రెండింటి కలయిక వల్ల సమాజంలో పూర్తి భాగస్వామ్యం దెబ్బతిన్న వ్యక్తిని ఈ చట్టం వైకల్యం ఉన్న వ్యక్తిగా నిర్వచించింది. అవరోధం అంటే కట్టడాలకు సంబంధించినది మాత్రమే కాదనీ, అది సాంస్కృతికం, ఆర్థికం, సంస్థాగతం, వైఖరికి సంబంధించినది కూడా కావచ్చుననీ స్పష్టం చేసింది.

ఈ నిర్వచనం ప్రకారం వైకల్యం ఒక్క మనిషిలో లేదు. మనిషికీ మెట్టుకూ మధ్య ఉంది. మనిషిని మార్చడం వైద్యం పని. మెట్టును మార్చడం చట్టం పని. 2016 చట్టం ఈ రెండో పనిని 40 నుంచి 46 వరకు ఉన్న సెక్షన్లలో చేపట్టింది. 40వ సెక్షన్ కేంద్రప్రభుత్వం ప్రమాణాలను నియమాలుగా రూపొందించాలంటుంది. ఆ నియమాలకు లోబడని నిర్మాణానికి అనుమతి గానీ, నిర్మాణం పూర్తయిన ధ్రువపత్రం గానీ ఇవ్వరాదని 44వ సెక్షన్ శాసిస్తుంది. నియమాలు వెలువడిన నాటినుంచి ఐదేళ్ళలోగా ఉన్న ప్రజాభవనాలన్నీ అందుబాటులోకి రావాలని 45వ సెక్షన్ గడువు విధిస్తుంది. స్తోమత షరతు ఇక్కడ లేదు.

3. ‘పాటించాలి’ అన్న క్రియ – ‘సూచన’ అన్న కర్మ:

మూలచట్టం ఇచ్చిన ఆదేశాన్ని నెరవేర్చవలసిన నియమాలు 2017 జూన్ 15న వెలువడ్డాయి. వాటిలోని 15(1) నియమం వాక్యనిర్మాణం దృష్ట్యా పరిశీలించదగినది. ప్రతి సంస్థా కింది ప్రమాణాలను పాటించాలని అది శాసించింది. క్రియ విధ్యర్థకం. కర్మ స్థానంలో మాత్రం, భవనాల విషయంలో పట్టణాభివృద్ధి మంత్రిత్వశాఖ 2016 మార్చిలో విడుదల చేసిన ఏకీకృత మార్గదర్శకాలు ఉండేవి. ఆ మార్గదర్శకాలు సూచనల భాషలో రాసినవి. ఇలా ఉంటే మేలు, ఇలా ఉండడం వాంఛనీయం అన్న ధోరణిలోని పాఠాన్ని ‘తప్పక పాటించాలి’ అన్న క్రియకు జతచేస్తే వచ్చే అర్థం ఏమిటి? సూచనను సూచనగానే తప్పక స్వీకరించాలన్నదే అవుతుంది. ఆదేశం వాక్యం చివర ఉంది, కానీ ఆదేశించడానికి వాక్యంలో వస్తువు లేదు.

ఇది కేవలం వ్యాకరణ చమత్కారం కాదు. అనుమతి ఇచ్చే పురపాలక అధికారి చేతిలో 44వ సెక్షన్ ఉంది. నక్షాను తిరస్కరించే అధికారం అతనికి ఉంది. ఏ కొలత తప్పితే తిరస్కరించాలో చెప్పే కచ్చితమైన అంశం మాత్రం లేదు. వందలాది సూచనలలో ఏది విడిచిపెట్టరానిది, ఏది కాలక్రమంలో చేరుకోవలసినది అన్న విభజన లేనప్పుడు ఏ ఒక్కదాన్నీ ఉల్లంఘనగా నిర్ధారించడం సాధ్యం కాదు. ఉల్లంఘన నిర్ధారణ కానిచోట 89వ సెక్షన్‌లోని జరిమానాకు పని ఉండదు. 45వ సెక్షన్ ఇచ్చిన ఐదేళ్ళ గడువు 2022 జూన్‌తో ముగిసింది. ఏమి పూర్తిచేయాలో తేలకుండానే గడువు ముగియడం ఈ నియమం ఫలితం.

ఈ వైరుధ్యం న్యాయస్థానం ముందుకు వచ్చిన క్రమం దీర్ఘమైనది. దృష్టివైకల్యం ఉన్న రాజీవ్ రతూరి 2005లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలు చేశారు. 2017 డిసెంబర్ 15న జస్టిస్ ఎ.కె. సిక్రీ, జస్టిస్ అశోక్ భూషణ్‌ల ధర్మాసనం అందుబాటును జీవనహక్కుతో ముడిపెట్టి, ప్రభుత్వ భవనాలు మొదలుకొని రవాణా వరకు గడువులతో కూడిన ఆదేశాలు ఇచ్చింది. అమలు సంతృప్తికరంగా లేకపోవడంతో 2023లో న్యాయస్థానం హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రాన్ని నివేదిక సమర్పించవలసిందిగా కోరింది. ‘ఫైండింగ్ సైజెస్ ఫర్ ఆల్’ అన్న పేరుతో ఆ కేంద్రం ఇచ్చిన నివేదిక మూలచట్టం తప్పనిసరి చేసిన దానిని నియమాలు ఐచ్ఛికంగా మార్చాయన్న అంశాన్ని ఎత్తిచూపింది. 2024 నవంబర్ 8న ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్, జస్టిస్ జె.బి. పార్దీవాలా, జస్టిస్ మనోజ్ మిశ్రాల ధర్మాసనం 15(1) నియమం మూలచట్ట పరిధిని అతిక్రమించిందని తేల్చి, విడిచిపెట్టరాని కనీస నియమాలను మూడునెలల్లో వేరుచేసి రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ ప్రక్రియలో నల్సార్ కేంద్రాన్ని కూడా భాగస్వామిని చేయాలన్నది.

4. అందుబాటు – సర్దుబాటు:

ఈ తీర్పులో సిద్ధాంతరీత్యా విలువైన భాగం రెండు భావనల మధ్య అది స్పష్టపరచిన తేడా. వాటిని తెలుగులో ‘అందుబాటు’, ‘సహేతుక సర్దుబాటు’ అని చెప్పుకోవచ్చు. అందుబాటు ముందుగా నెరవేర్చవలసిన బాధ్యత. ఎవరు వస్తారో తెలియక ముందే, ఎవరూ అడగక ముందే భవనం సిద్ధంగా ఉండాలి. సర్దుబాటు తరువాత వచ్చే బాధ్యత. ఒక నిర్దిష్ట వ్యక్తి వచ్చి తన అవసరాన్ని చెప్పినప్పుడు, సంస్థకు మితిమీరిన భారం కాని మేరకు మార్పు చేయాలి. 2021లో వికాస్ కుమార్ కేసులో, రాయడంలో ఇబ్బంది ఉన్న అభ్యర్థికి పరీక్షలో లేఖకుని సహాయం గురించి సుప్రీంకోర్టు చెప్పినది ఈ రెండో బాధ్యతను గురించి.

ఈ రెండు తెలుగు మాటలకూ నిర్మాణం ఒక్కటే. తడబడు – తడబాటు, ఏర్పడు – ఏర్పాటు అన్న వరుసలోనివే ఇవీ. అయితే వీటి వ్యవహారచరిత్ర వేరు. ‘అందు’ అన్న ధాతువు చేయి చాచడాన్ని గుర్తుచేస్తుంది. అందుబాటులో ఉన్నది చేయి చాస్తే దొరుకుతుంది, ఎవరినీ అడగనక్కరలేదు. ‘సర్దుబాటు’ అలాంటిది కాదు. తెలుగు కుటుంబంలో, కార్యాలయంలో, రైలుపెట్టెలో ‘కాస్త సర్దుకో’ అన్న మాట ఎవరికి చెబుతారో గమనిస్తే, అది చాలావరకు బలహీనమైన పక్షానికే అందుతుందని తెలుస్తుంది. కోడలు సర్దుకుపోవాలి, కింది ఉద్యోగి సర్దుకుపోవాలి. చట్టం సర్దుబాటు బాధ్యతను సంస్థమీద పెట్టింది. వ్యవహారం దానిని తిరిగి వ్యక్తిమీదకు నెడుతుంది.

ఒక ఉదాహరణ ఊహించవచ్చు. రెండంతస్తుల డిగ్రీ కళాశాలలో తెలుగు ప్రత్యేకాంశంగా తీసుకున్న విద్యార్థిని చక్రాల కుర్చీ వాడుతుంది. తరగతి పై అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. ఆమె ప్రిన్సిపాలుకు అర్జీ పెట్టుకుంటే తరగతిని కిందికి మారుస్తారు. ఇది సహేతుక సర్దుబాటు, చట్టరీత్యా సరైనదే. కానీ గ్రంథాలయం పైనే ఉంటుంది, సెమినార్ హాలు పైనే ఉంటుంది. ప్రతిదానికీ కొత్త అర్జీ అవసరమవుతుంది. ఆమె కోసమే తరగతి మారిందన్న సంగతి తోటివారందరికీ తెలుస్తుంది. ఆమె చదువు ముగించి వెళ్ళగానే తరగతి మళ్ళీ పైకి వెళుతుంది. తరువాతి సంవత్సరం వచ్చే విద్యార్థి తిరిగి మొదటి అర్జీతో మొదలుపెట్టాలి. లిఫ్టు ఉంటే ఈ అర్జీలు ఉండవు. సర్దుబాటు మనిషికి జరుగుతుంది, అందుబాటు స్థలానికి జరుగుతుంది. సర్దుబాటు మనిషితో పాటు వెళ్ళిపోతుంది, అందుబాటు నిలిచి ఉంటుంది.

ఈ తేడాను దృష్టిలో ఉంచుకొని 2016 చట్టాన్ని మళ్ళీ చదివితే ఒక అసమతౌల్యం బయటపడుతుంది. 2(హెచ్) సెక్షన్‌లో ‘వివక్ష’ నిర్వచనం సహేతుక సర్దుబాటు నిరాకరణను పేరుపెట్టి వివక్షగా గుర్తించింది. అందుబాటు లేకపోవడాన్ని అలా పేరుపెట్టి చెప్పలేదు. అర్జీని తిరస్కరిస్తే అది వివక్ష. అర్జీ అవసరమయ్యేలా భవనం కట్టడం మాత్రం స్పష్టంగా ఆ పేరు పొందలేదు, అది నియమోల్లంఘనగా మిగిలింది. ఆ నియమం కూడా సూచనగా మారినప్పుడు చట్టంలో గట్టిగా మిగిలినది అడిగి పొందే హక్కు ఒక్కటే. అడగవలసిన భారం వైకల్యం ఉన్న వ్యక్తిమీదే పడింది. 15(1) నియమాన్ని కొట్టివేసిన తీర్పు ఈ అసమతౌల్యంలో సగాన్ని సరిచేసింది. నిర్వచనంలో ఉన్న మిగతా సగం అలాగే ఉంది.

5. కొలతల వెనుక శరీరం:

కనీస నియమాలు అంటే చివరకు కొలతలే. కొలతలు తటస్థమైనవిగా కనిపిస్తాయి. తెలుగువారి పాత కొలమానాలు ఆ భ్రమకు చోటివ్వవు. బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు, నిలువెడు అన్నవి శరీరాన్ని దాచుకోని కొలతలు. ఎవరి జాన, ఎవరి మూర అన్న ప్రశ్న వాటి వెంటే వస్తుంది. మిల్లీమీటర్లలోకి మారినప్పుడు ఆ ప్రశ్న కనుమరుగవుతుంది గానీ శరీరం మాత్రం కొలతలోనే ఉంటుంది. చండీగఢ్ నగరానికి రూపశిల్పి అయిన లె కార్బూజియే 1940లలో రూపొందించిన ‘మాడ్యులర్’ అనే కొలతల వ్యవస్థకు ఆధారం చేయెత్తి నిలబడిన 1.83 మీటర్ల పురుషుడు. స్త్రీ, బాలుడు, వృద్ధుడు, కూర్చున్న మనిషి ఆ బొమ్మలో లేరు.

దీనికి ప్రతిగా వచ్చిన ఆలోచన ‘సార్వత్రిక రూపకల్పన’. పోలియో వల్ల చిన్నతనం నుంచి చక్రాల కుర్చీ వాడిన అమెరికన్ వాస్తుశిల్పి రొనాల్డ్ మేస్ ఈ పేరు పెట్టాడు. నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆయన నేతృత్వంలోని బృందం 1997లో ఏడు సూత్రాలను ప్రకటించింది. ప్రత్యేకమైన మార్పులు అవసరం లేకుండా వీలైనంత ఎక్కువమంది వాడుకోగలిగేలా మొదటినుంచీ రూపొందించడం దీని సారం. 2016 చట్టం ఈ భావనను నిర్వచనంగా స్వీకరించింది.

కొలత హక్కుగా ఎలా మారుతుందో ర్యాంపు చక్కగా చూపుతుంది. ర్యాంపు వాలు సాధారణంగా 1:12కు మించి నిటారుగా ఉండకూడదు. అంటే ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు కావాలి. అర అడుగు చొప్పున నాలుగు మెట్లున్న రెండడుగుల పునాదికి 24 అడుగుల ర్యాంపు అవసరం. ఆపైన మొదట్లోనూ చివరలోనూ కుర్చీ తిరిగేందుకు సమతలం కావాలి. కార్యాలయాల ముందు మెట్ల పక్కన ఆరేడు అడుగుల పొడవున సిమెంటుతో పోసిన వాలు కనిపించినప్పుడు ఈ లెక్క వేసి చూడవచ్చు. రెండడుగుల ఎత్తుకు ఆరడుగుల పొడవంటే వాలు 1:3 అవుతుంది. చక్రాల కుర్చీని ఎవరూ నెట్టకుండా దానిమీదుగా ఎక్కడం అసాధ్యం, దిగడం ప్రమాదకరం. అది మోటారుసైకిలు ఎక్కించడానికి పనికివస్తుంది. ‘ర్యాంపు ఉందా?’ అన్న గడిలో మాత్రం ‘ఉంది’ అన్న జవాబు నమోదవుతుంది.

ఒక వైకల్యానికి అనుకూలమైనది మరొక వైకల్యానికి ప్రతికూలం కావడం రూపకల్పనలోని మరో చిక్కు. ఫుట్‌పాత్ చివర అంచును రోడ్డుకు సమంగా దించితే చక్రాల కుర్చీకి దారి దొరుకుతుంది. అదే సమయంలో చేతికర్రతో నడిచే అంధుడికి రోడ్డు ఎక్కడ మొదలైందో చెప్పే ఆనవాలు పోతుంది. అందుకే అక్కడ కాలికి తెలిసే ఉబ్బెత్తు పలకలు పరచాలి. జపాన్‌లో సెయిచి మియాకే 1965లో రూపొందించిన ఈ పలకలు 1967లో ఒకయామా నగరంలో తొలిసారి వీధిలోకి వచ్చాయి. గీతలున్న పలక దారి చూపుతుంది, చుక్కలున్న పలక ఆగమంటుంది. ఇది ఒక లిపి. ఆ లిపి తెలియనివారు అలంకారంగా పరిచినప్పుడు గీతలు చెట్టు మొదలుకో కరెంటు స్తంభానికో తీసుకువెళతాయి. అక్షరదోషం చదువరిని విసిగిస్తుంది. ఈ లిపిలోని దోషం చదువరిని గాయపరుస్తుంది.

6. సీటుకూ మెట్టుకూ మధ్య:

ఈ చర్చ ఉన్నత విద్యాసంస్థలకు దూరమైనది కాదు. 2016 చట్టం 32వ సెక్షన్ ప్రభుత్వ, ప్రభుత్వసహాయం పొందే ఉన్నత విద్యాసంస్థలలో నిర్దేశిత స్థాయి వైకల్యం ఉన్నవారికి 5 శాతానికి తగ్గకుండా సీట్లు కేటాయించాలంటుంది. 16వ సెక్షన్ భవనాన్ని, ఆవరణను, ఇతర సౌకర్యాలను అందుబాటులో ఉంచాలంటుంది. సీటు కేటాయింపు జాబితాలో లెక్కకు వస్తుంది కనుక దానికి రికార్డు ఉంటుంది. మెట్టు ఏ జాబితాలోకీ రాదు. సీటు పొంది, మెట్ల కారణంగా చదువు మానిన విద్యార్థి హాజరు పట్టికలో గైర్హాజరుగానే నమోదవుతాడు.

విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్ నియమావళి కొన్నేళ్ళుగా అడుగుతూ వచ్చిన ప్రశ్న ఇందుకు నిదర్శనం. అవరోధరహిత వాతావరణం శీర్షిక కింద ర్యాంపులు లేదా లిఫ్టులు, అనువైన మరుగుదొడ్లు, స్పర్శమార్గంతో సహా సూచికలు, సహాయక సాంకేతికత, లేఖకులు – చదివిపెట్టేవారు వంటి మానవసహాయం అనే ఐదు అంశాలు ఉండేవి. నాలుగు గానీ అన్నీ గానీ ఉన్న సంస్థ అత్యున్నత స్థాయికి చేరేది. ఈ గణితంలో నాలుగూ ఐదూ సమానం. లేని ఆ ఒక్కటి ర్యాంపు అయితే చక్రాల కుర్చీ వాడే విద్యార్థికి మిగిలిన నాలుగూ భవనం లోపలే ఉండిపోతాయి. లేనిది స్పర్శమార్గమైతే అంధవిద్యార్థికి లిఫ్టు ఎక్కడుందో తెలియదు. హక్కులు ఒకదానికి బదులు మరొకటి చెల్లే నాణేలు కావు. మార్కుల భాష వాటిని నాణేలుగా మార్చింది.

వ్యవహారభాష కూడా ఈ ధోరణికి తోడ్పడుతుంది. ‘కుంటిసాకు’, ‘గుడ్డినమ్మకం’, ‘చెవిటివాని ముందు శంఖం’ వంటి పలుకుబళ్ళు వైకల్యాన్ని లోపానికి పర్యాయంగా వాడాయి. వాటికి విరుగుడుగా 2015 చివర ప్రచారంలోకి వచ్చిన ‘దివ్యాంగులు’, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ వ్యవహారంలోని ‘విభిన్న ప్రతిభావంతులు’ గౌరవాన్ని ఉద్దేశించినవే. కానీ రెండూ మనిషి శరీరాన్నో ప్రతిభనో విశేషిస్తాయి. చట్టం నిర్వచనంలోని రెండో సగం, అంటే అవరోధం, ఈ మాటలలో వినిపించదు. దివ్యత్వం ఉన్న మనిషికి ర్యాంపు అవసరమెందుకన్న ప్రశ్నకు ఈ మాటల్లో జవాబు లేదు. మెట్టును ప్రశ్నించే మాట తెలుగులో ఇంకా స్థిరపడవలసి ఉంది.

7. తీర్పు పరిమితులు:

2024 తీర్పు సాధించినది చిన్నది కాదు. అయినా మూడు అంశాలను విమర్శనాత్మకంగా చూడవలసి ఉంది.

మొదటిది కనీసం – గరిష్ఠం సమస్య. విడిచిపెట్టరాని నియమాలను వేరుచేసినప్పుడు మిగిలిన ప్రమాణాలు నెమ్మదిగా చేరుకోవలసిన లక్ష్యాలుగా ఉంటాయి. అనుమతి కోసం కావలసినది కనీసమే అయినప్పుడు నిర్మాతలు అక్కడే ఆగుతారు. కొలవడానికి సులువైన ర్యాంపు, తలుపు వెడల్పు కనీసంలో చేరి, కొలవడం కష్టమైన వెలుతురు, ప్రతిధ్వని, సూచికల స్పష్టత లక్ష్యాల వైపు జరిగితే కదలిక వైకల్యం మాత్రమే చట్టానికి కనిపిస్తుంది. వినికిడి, మేధో వైకల్యాలు ఉన్నవారు మళ్ళీ అర్జీల దారిలో మిగులుతారు.

రెండవది శిక్ష పరిమాణం. 89వ సెక్షన్ ప్రకారం తొలి ఉల్లంఘనకు జరిమానా 10,000 రూపాయల వరకు, తరువాతి వాటికి 50,000 నుంచి 5 లక్షల రూపాయల వరకు ఉంటుంది. పెద్ద వాణిజ్య భవనంలో లిఫ్టు ఖర్చుతో పోలిస్తే తొలి జరిమానా నామమాత్రం. అందువల్ల చట్టంలో నిజమైన బలం జరిమానాలో లేదు, 44వ సెక్షన్‌లోని ధ్రువపత్రం నిలిపివేతలో ఉంది. ఆ అధికారం పురపాలక సంస్థల చేతిలో, రాష్ట్రాల భవన నిర్మాణ నియమాల నీడలో పనిచేస్తుంది. ఢిల్లీలో రూపొందే నియమం పురపాలక కార్యాలయంలోని తనిఖీ పత్రంలోకి దిగినప్పుడే తీర్పు అమలైనట్టు.

మూడవది ఎవరు కొలుస్తారన్న ప్రశ్న. వైకల్యం ఉన్నవారితో నిరంతర సంప్రదింపు ఉండాలని తీర్పు చెప్పింది. సంప్రదింపు నియమాల రచనకే పరిమితమైతే చాలదు. 24 అడుగుల ర్యాంపునూ ఆరడుగుల ర్యాంపునూ కాగితం మీద ఒకే గడి సూచిస్తుంది. చక్రాల కుర్చీలో ఎక్కిచూసిన మనిషికి మాత్రమే తేడా తెలుస్తుంది. తనిఖీలో అటువంటి వ్యక్తి ఉండడం సౌజన్యం కాదు, అది కొలతలో భాగం.

8. ముగింపు:

2011 జనాభా లెక్కలు దేశంలో 2.68 కోట్ల మందిని వైకల్యం ఉన్నవారిగా నమోదు చేశాయి. అది జనాభాలో 2.21 శాతం. అప్పటికి 21 వైకల్యాల జాబితా లేదు. ఆపైన వృద్ధులు, గర్భిణులు, కాలు విరిగి కొంతకాలం కర్రపట్టినవారు ఏ లెక్కలోకీ రారు. అందుబాటు వీరందరికీ చెందినది. పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

• 1995 చట్టంలోని స్తోమత షరతును 2016 చట్టం తొలగించింది. 2017 నియమాలలోని మార్గదర్శక భాష దానిని మరో రూపంలో వెనక్కు తెచ్చింది. 2024 తీర్పు ఆ మలుపును గుర్తించి సరిదిద్దింది.

• సర్దుబాటు నిరాకరణను పేరుపెట్టి వివక్షగా గుర్తించిన చట్టం అందుబాటు లేమిని అలా గుర్తించలేదు. అడిగే భారం వైకల్యం ఉన్న వ్యక్తిమీద మిగలడానికి ఇది ప్రధాన కారణం. నియమాల సవరణతో పాటు నిర్వచన సవరణ కూడా అవసరం.

• ఒక సౌకర్యం లోటును మరొక సౌకర్యంతో పూడ్చే మదింపు పద్ధతులు హక్కు స్వభావానికి విరుద్ధం. విద్యాసంస్థలు తమ నివేదికలలో ‘ఉంది – లేదు’ గడుల స్థానంలో కొలతలను నమోదు చేయాలి.

15(2) అధికరణం బావినీ, వీధినీ, హోటలునూ పేర్కొన్నప్పుడు వాటి దగ్గర నిలబడి అనుమతి అడగవలసిన అవమానం ఏ పౌరుడికీ ఉండరాదని ఉద్దేశించింది. నాలుగు మెట్ల కింద ఆగి, పైనుంచి ఎవరైనా వస్తారేమోనని చూసే మనిషి నేటికీ ఆ అనుమతి కోసమే ఎదురుచూస్తున్నాడు. ఆ ఎదురుచూపు అవసరం లేని కట్టడమే సమానత్వ చట్టానికి సరైన వ్యాఖ్యానం అవుతుంది.